కేబుల్ మార్చాక గేర్లు బిగుసుకుపోయాయా? రాపిడి ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సైకిల్‌కు కొత్త గేరు కేబుల్ వేశాక గేర్లు తేలిగ్గా పడాలి. చాలామందికి దీనికి సరిగ్గా వ్యతిరేకం ఎదురవుతుంది. లీవర్ నొక్కితే బొటనవేలు నొప్పి పుడుతుంది. వెనక చక్రం మీది పెద్ద స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) మీదికి ఎక్కిన చైను మళ్ళీ కిందికి దిగదు. రెండు క్లిక్కులు నొక్కితే ఒక గేరు మారుతుంది, కాసేపటికి రెండోది దానంతటదే పడుతుంది. తుప్పు పట్టిన పాత కేబులే నయమనిపిస్తుంది.

అప్పుడు చెయ్యి తిన్నగా, చైనును ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదానికి జరిపే డిరైలర్ దగ్గరున్న బ్యారెల్ అడ్జస్టర్ అనే మర మీదికి పోతుంది. దాన్ని కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పుతాం. అది చాలక, డిరైలర్ ఎంత దాకా జరగాలో హద్దు పెట్టే పక్కనున్న లిమిట్ స్క్రూలు కూడా తిప్పేస్తాం. దయచేసి ఈ పని ఇంకా మొదలుపెట్టకండి. బ్యారెల్ మార్చేది టెన్షన్‌ను, అంటే కేబుల్ బిగువును మాత్రమే. గేరు బిగుసుకుపోవడానికి కారణం రాపిడి. రాపిడి ఉన్న కేబుల్‌కి టెన్షన్ ఎక్కేటప్పుడు సరిపోయేలా పెడితే దిగేటప్పుడు తప్పుతుంది, దిగేటప్పుడు సరిపోయేలా పెడితే ఎక్కేటప్పుడు తప్పుతుంది. మొదటిసారి సొంతంగా కేబుల్ మార్చినప్పుడు నేను రెండు సాయంత్రాలు బ్యారెల్ తిప్పుతూనే గడిపాను. తప్పు అక్కడ లేనే లేదు.

లాగేది వేలు, వెనక్కి తెచ్చేది స్ప్రింగు

చాలా సైకిళ్ళలో లీవర్ నొక్కితే కేబుల్ లోపలి వైరు లాగబడి, చైను పెద్ద స్ప్రాకెట్ వైపు వెళ్తుంది. వదిలితే డిరైలర్‌లోని స్ప్రింగు వైరును వెనక్కి లాక్కుని, చైనును చిన్న స్ప్రాకెట్ వైపు దింపుతుంది. దారిలో ఎక్కడైనా పట్టేస్తుంటే బొటనవేలు ఇంకాస్త గట్టిగా నొక్కి నెట్టుకొస్తుంది. స్ప్రింగుకు ఆ వెసులుబాటు లేదు, దాని బలం అంతే. అందుకే రాపిడి ముందుగా బయటపడేది దిగేటప్పుడే.

ఎంత చిన్న అడ్డంకి ఎంత నష్టం చేస్తుందో ఒక లెక్క చూడండి. షిమానో కంపెనీ 10 స్పీడ్ (వెనక పది స్ప్రాకెట్లుండే) రోడ్ గేర్లలో ఒక్క క్లిక్కుకు వైరు కదిలేది సుమారు 2.3 మిల్లీమీటర్లు. డిరైలర్ ఆ కదలికను దాదాపు 1.7 రెట్లు చేస్తుంది. అది పక్కపక్క స్ప్రాకెట్ల మధ్య ఉన్న 3.95 మిల్లీమీటర్ల దూరానికి సరిపోతుంది. వైరు అర మిల్లీమీటరు ముందే ఆగిపోయిందనుకోండి, డిరైలర్ దగ్గర అది 0.85 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే దూరంలో ఐదో వంతుకు పైనే. చైను రెండు స్ప్రాకెట్లకూ తగులుతూ గరగరలాడటానికి అది చాలు. 8 స్పీడ్‌లో స్ప్రాకెట్ల మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు కాబట్టి అది కాస్త ఓర్చుకుంటుంది. పాత సైకిల్‌కు ఎప్పుడూ చేసినట్టే చేసినా కొత్త సైకిల్‌లో గేర్లు మొరాయించడానికి ఒక కారణం ఇదే.

ముందు జబ్బు తేల్చుకోండి

వెనక చక్రం గాల్లో ఉండేలా సైకిల్‌ను నిలబెట్టండి. పెడల్ తిప్పుతూ చిన్న స్ప్రాకెట్ నుంచి పెద్దదాని దాకా ఒక్కో క్లిక్కు ఎక్కించండి, మళ్ళీ ఒక్కొక్కటిగా దింపండి.

ఎక్కేటప్పుడు బాగానే ఉండి, దిగేటప్పుడు ఆలస్యమైతే అది రాపిడి. ఎక్కడం నెమ్మదిగా, దిగడం చురుగ్గా ఉంటే టెన్షన్ తక్కువైంది. బ్యారెల్‌ను అపసవ్య దిశలో కొంచెం తిప్పితే చాలు, ఇక చదవాల్సిన పని కూడా లేదు. అన్నిటికన్నా చివరి స్ప్రాకెట్ ఒక్కటే పడకపోతే లిమిట్ స్క్రూ చూడాలి. టెన్షన్ ఎంత సరిచేసినా కొన్ని గేర్లు కుదిరి కొన్ని కుదరకపోతే, డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందేమో అనుమానించాలి.

అనుమానం ఇంకా తీరకపోతే, దిగకుండా మొరాయిస్తున్న గేరులో ఉంచి, పెడల్ తిప్పుతూనే డిరైలర్ దగ్గరి ఔటర్ (వైరు మీది తొడుగు) చుట్టను వేళ్ళతో కదపండి. చైను టక్కున దిగిందంటే రాపిడే.

వైరును సడలించి ముక్కముక్కగా చూడటం

మీ ఫ్రేము మీద ఔటర్‌ను పట్టి ఉంచే స్టాపులకు చీలిక ఉంటే, డిరైలర్ దగ్గర వైరును పట్టి ఉంచే బోల్టు విప్పకుండానే సగం పరీక్ష అయిపోతుంది.

1. పెడల్ తిప్పుతూ చైనును వెనక పెద్ద స్ప్రాకెట్ మీదికి తెచ్చి, పెడల్‌నూ చక్రాన్నీ పూర్తిగా ఆపండి.

2. చక్రం కదలకుండా లీవర్‌ను చిన్న గేరు దాకా వరసగా క్లిక్ చేస్తూ వదలండి. చైను పెద్ద స్ప్రాకెట్ మీదే ఉంటుంది కాబట్టి వైరు వదులవుతుంది.

3. ఆ వదులుతో ఔటర్ ముక్కలను స్టాపుల చీలికలోంచి బయటికి తీయండి.

4. ఒక్కో ముక్కను వైరు మీద ముందుకీ వెనక్కీ జరపండి. మంచి ముక్క దాదాపు తన బరువుకే జారుతుంది. ఏ ముక్క పట్టుకుని జరుగుతోందో, ఏది గరుకుగా తగులుతోందో వేలికి తెలిసిపోతుంది. మీరు వెతుకుతున్న చోటు అదే.

అన్ని ముక్కలూ బాగా జారితే, లేదా చీలిక లేని స్టాపులైతే, డిరైలర్ దగ్గర వైరు విప్పాల్సిందే. చైనును చిన్న స్ప్రాకెట్ మీదికి తెచ్చి, విప్పే ముందు వైరు బోల్టుకు ఏ పక్కనుంచి, ఏ గాడిలోంచి వెళ్తోందో ఫోటో తీసుకోండి. ఇది తర్వాత అవసరమవుతుంది.

వైరు విడిపోయాక డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టి వదలండి. ఎదురు లేకుండా కదిలి, వదలగానే టపీమని తిరిగి రావాలి. నెమ్మదిగా వస్తే కీళ్ళలో మట్టో తుప్పో ఉన్నట్టు. శుభ్రం చేసి ఒక్కో కీలుకు ఒక్క చుక్క పల్చటి నూనె వేయండి. డిరైలర్‌కు క్లచ్ (చైను ఊగకుండా పట్టి ఉంచే ఏర్పాటు) ఉంటే పరీక్ష సమయంలో ఆఫ్ చేయండి. క్లచ్ ఆన్‌లో ఉంటే లీవర్ కొంత బరువుగా ఉండటం సహజమే.

తర్వాత షిఫ్టర్, అంటే హ్యాండిల్ మీద లీవర్ ఉండే భాగం వంతు. షిఫ్టర్‌లోంచి మొదటి ఔటర్ ముక్కను బయటికి లాగి, అక్కడ కనిపించే వైరును చేత్తో పట్టుకుని, కాస్త బిగువుగా ఉంచుతూ లీవర్ నొక్కి చూడండి. ఆ బిగువు తప్పనిసరి. పూర్తిగా వదులుగా వదిలేసి క్లిక్ చేస్తే లోపల వైరు తన గాడి తప్పి ఇరుక్కునే ప్రమాదముంది. చేత్తో పట్టుకున్నప్పుడు కూడా లీవర్ బరువుగా ఉంటే తప్పు షిఫ్టర్‌లోనే. తేలిగ్గా ఉంటే అది కేబుల్ దారిలో ఉంది.

ఔటర్ కోసిన చోట్లు

కేబుల్ మార్చిన వెంటనే వచ్చే ఇబ్బందుల్లో నేను ముందుగా చూసేది ఔటర్ కొసలే. దానికి కారణం ఔటర్ నిర్మాణం. గేరు ఔటర్‌లో సన్నటి ఉక్కు పోగులు పొడవునా తిన్నగా ఉంటాయి, వాటి నడుమ వైరు జారే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కి కోస్తే ఉక్కు పోగులు చెల్లాచెదురవుతాయి, లోపలి గొట్టం మూతి నలిగి మూసుకుపోతుంది. వైరు దూరుతుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. కానీ ఆ నలిగిన మూతి వైరును పెదవులతో పట్టుకున్నట్టు పట్టి ఉంచుతుంది. ఒక కేబుల్‌కు మూడు ముక్కలుంటే ఆరు కొసలు. ఆరింటిలోనూ కొంచెం కొంచెం పట్టేస్తే మొత్తం ఎంతవుతుందో ఆలోచించండి.

పదునైన కేబుల్ కట్టర్‌తో ఒక్క వేటుకు కోయాలి. కోసే ముందు పాత వైరు ముక్కను లోపల ఉంచి దానితో సహా కోస్తే గొట్టం ఆకారం చెడదు. కోశాక కొసను ఆకురాయితో చదునుగా రుద్దండి. కొస ఏటవాలుగా ఉంటే దానికి తొడిగే క్యాప్ లోపల తిన్నగా కూర్చోదు. ఆ తర్వాత దబ్బనంతో, అది లేకపోతే మొన అరగదీసిన పాత స్పోకు ముక్కతో, గొట్టం మూతిని మెల్లగా గుండ్రంగా తెరవండి. వరస ఇలాగే ఉండాలి: ముందు రుద్దడం, తర్వాత తెరవడం. తెరిచాక రుద్దితే మూతి మళ్ళీ మూసుకుంటుంది, పొడి లోపలికి పోతుంది. పొట్టి ముక్కలనైతే వెలుతురుకు ఎదురుగా పట్టి లోపలికి చూడండి, రంధ్రం గుండ్రంగా కనపడాలి.

క్యాపుల దగ్గర కూడా ఆగి చూడండి. గేరు ఔటర్ ఎక్కువగా 4 మిల్లీమీటర్లు, బ్రేకు ఔటర్ 5. 4 మిల్లీమీటర్ల ఔటర్‌కు 5 మిల్లీమీటర్ల క్యాప్ తొడిగితే లోపల అటూ ఇటూ ఊగుతుంది, వైరు క్యాప్ అంచుకు రాసుకుంటుంది. ఔటర్ క్యాప్ అడుగు దాకా దిగిందా, ఏదైనా ఉక్కు పోగు క్యాప్ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొచ్చిందా చూడండి. అలా వచ్చిన పోగు వైరును గీరుతూనే ఉంటుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. బ్రేకు ఔటర్‌లో ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. దాన్ని గేరుకు వాడితే లాగినప్పుడల్లా అది కాస్త నొక్కుకుపోయి గేర్లు సరిగ్గా కుదరవు. ఇబ్బందే గానీ ప్రమాదం కాదు. దీనికి తలకిందులుగా, పొడవు పోగులున్న గేరు ఔటర్‌ను బ్రేకుకు ఎప్పుడూ వాడకండి. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు అది చీలిపోయి బ్రేకే పోవచ్చు. అలాగే గేరు ఇన్నర్ వైరు 1.1 లేదా 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. బ్రేకు వైరు 1.5 నుంచి 1.6 దాకా ఉంటుంది. అది గేరు ఔటర్‌లో దూరినా స్వేచ్ఛగా కదలదు.

పొడవు, వంపులు

వంపులో వైరు లోపలి గోడకు ఒరుసుకుంటుంది. వంపులన్నీ కలిపి ఎన్ని డిగ్రీలు తిరిగాయన్న దాన్ని బట్టి రాపిడి పెరుగుతుంది, అదీ కూడుకుంటూ కాదు, గుణించుకుంటూ. రాపిడి గుణకం 0.1 అనుకుంటే, 90 డిగ్రీల ఒక్క వంపుకు లాగుడు బలం 17 శాతం ఎక్కువ కావాలి. మొత్తం వంపులు 360 డిగ్రీలకు చేరితే 87 శాతం ఎక్కువ కావాలి. హ్యాండిల్ ముందు పెద్ద చుట్ట, వెనక డిరైలర్ దగ్గర ఇంకో పెద్ద చుట్ట వదిలితే ఆ లెక్కకు తెలియకుండానే చేరిపోతాం. అనవసరపు పొడవు మేలు చేయదు.

అలాగని మరీ పొట్టిగా కోస్తే ఇంకా చెడ్డది. నా రెండు సాయంత్రాలను తినేసిన తప్పు ఇదే. డిరైలర్ దగ్గరి చివరి ముక్కను చూడముచ్చటగా ఉంటుందని పొట్టిగా కోశాను. చిన్న గేర్లలో బాగానే ఉండేది. డిరైలర్ లోపలికి జరిగే కొద్దీ ఔటర్ బ్యారెల్‌లోకి తిన్నగా వెళ్ళకుండా క్యాప్ దగ్గర విరిగినట్టు వంగేది. రెండు సెంటీమీటర్లు పొడవైన ముక్క వేయగానే అంతా చక్కబడింది.

కాబట్టి ఆ చివరి చుట్టను డిరైలర్ రెండు చివరల్లో ఉన్నప్పుడూ పక్కనుంచి చూడండి. రెండు చోట్లా ఔటర్ మెలిక లేకుండా, బ్యారెల్ రంధ్రానికి ఎదురుగా తిన్నగా లోపలికి పోవాలి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పినప్పుడు ముందు ఔటర్ లాగబడకూడదు, క్యాప్ స్టాపులోంచి లేవకూడదు. వెనక సస్పెన్షన్ ఉన్న సైకిలైతే దాన్ని నొక్కి కూడా చూడండి.

ఫ్రేము కిందిపైపు మీద స్టాపులున్న సైకిళ్ళలో ఒక మంచి పద్ధతి ఉంది. కుడి షిఫ్టర్ ఔటర్‌ను హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కిందుండే ఫ్రేము ముందు గొట్టం) చుట్టూ తిప్పి ఎడమవైపు స్టాపుకు, ఎడమ షిఫ్టర్‌దాన్ని కుడివైపు స్టాపుకు ఇచ్చి, పైపు కింద వైర్లను మళ్ళీ దాటించడం. వంపులు అంత గట్టిగా తిరగవు, ఔటర్ ఫ్రేముకు రాసుకోవడం కూడా తగ్గుతుంది. పైపు కింద రెండు వైర్లు ఒకదానికొకటి కొంచెం తగిలినా నష్టం లేదు.

రోడ్ సైకిళ్ళలో హ్యాండిల్ టేపు కింద ఉండే ఔటర్ కనపడదు కాబట్టి మరిచిపోతాం. షిఫ్టర్‌లోంచి బయటపడగానే అది మలుపు తిరుగుతుంది. అక్కడ మెలిక పడిందంటే టేపు విప్పక తప్పదు.

ఫ్రేము అడుగున, ఫ్రేము లోపల

పెడల్ ఇరుసు కింద వైర్లు మలుపు తిరిగే చోట చిన్న ప్లాస్టిక్ గైడు ఉంటుంది. సైకిల్‌ను తిరగేస్తే కనపడుతుంది. మట్టి, పాత గ్రీజు కలిసి గట్టిపడే చోటు ఇది. బ్రష్షుతో శుభ్రం చేయండి. ఒక్కో వైరు తన గాడిలోనే ఉందా చూడండి. పాత వైరు గాడిని లోతుగా కోసేసి ఉంటే గైడు మార్చండి.

కేబుల్ ఫ్రేము లోపలినుంచి వెళ్ళే సైకిల్ అయితే, రెండు వైర్లు లోపల ఒకదాని చుట్టూ ఒకటి పెనవేసుకునే అవకాశముంది. ముందు గేరు లీవర్ కదుపుతూ వెనక గేరు వైరును గమనించండి. ఒకటి లాగితే రెండోది కదిలితే అదే సంగతి. ఒక వైరు పూర్తిగా బయటికి తీసి, దారి విడిగా చూసుకుంటూ మళ్ళీ ఎక్కించాలి. ఇకముందు పాత వైరు లాగేసే ముందు దాని మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఫ్రేము పొడవునా తొడిగి, వైరు తీసి, ఆ గొట్టంలోంచే కొత్త వైరు పంపండి. అప్పుడు దారి తప్పదు.

బోల్టు దగ్గర వైరు ఏ పక్క?

ఇందాక తీసిన ఫోటో ఇప్పుడు పనికొస్తుంది. వైరును బోల్టుకు రెండో పక్కన బిగిస్తే కీలు నుంచి లాగే చోటికి ఉన్న దూరం మారిపోతుంది. లీవర్ బరువెక్కవచ్చు, ఒక్కో క్లిక్కుకు డిరైలర్ కదిలే దూరమూ తప్పుతుంది. ముందు డిరైలర్‌లో ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. వాషర్ మీద వైరు కోసం చేసిన గాడి ఉంటుంది, దాన్ని వెతికి అందులోనే కూర్చోబెట్టండి. బిగింపు చాలా డిరైలర్లకు 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు. మీ డిరైలర్‌కు ఇచ్చిన అంకె తయారీదారు కాగితంలో ఉంటుంది.

షిఫ్టర్‌లోనే తప్పుంటే

వైరు తల తన గూటిలో పూర్తిగా కూర్చుందా చూడండి. కాంపాగ్నోలో కంపెనీ షిఫ్టర్లకు కావలసిన వైరు తల షిమానోదాని కన్నా కాస్త చిన్నది. పెద్ద తల దూర్చితే ఇరుక్కుపోయి తీయడం కష్టమవుతుంది. పాత వైరు తెగి ఉంటే దాని పోగు ముక్కలు లోపల మిగిలి ఉండవచ్చు, టార్చి వేసి సన్నటి పట్టకారుతో తీయండి.

కేబుల్ మార్చక ముందు నుంచే లీవర్ బద్ధకంగా ఉంటే లోపలి గ్రీజు జిగురులా గట్టిపడి ఉంటుంది. షిఫ్టర్‌ను ఊడదీయకండి, లోపలి చిన్న స్ప్రింగులు ఎగిరిపోతే మళ్ళీ కూర్చడం చాలా కష్టం. పల్చటి స్ప్రే నూనె లోపలికి కొట్టి ఎన్నోసార్లు క్లిక్ చేయండి. మురికి కారిపోయాక కొంచెం మంచి నూనె వేయండి.

నూనె, గ్రీజు గురించి

బిగుసుకున్నదంటే నూనె పోయాలన్నది అందరి మొదటి ఆలోచన. కానీ చాలా గేరు ఔటర్లు తయారీలోనే తగినంత సిలికాన్ గ్రీజుతో వస్తాయి. వాటిలో చిక్కటి గ్రీజు కూరితే అదే వైరును పట్టి ఉంచుతుంది, చలిలో ఇంకా గట్టిపడుతుంది. వేయాలనుకుంటే వైరు మీద పల్చటి నూనె వేళ్ళతో తుడిచినంత చాలు. పైపూత ఉన్న వైరు వాడితే రాసుకున్న చోట ఆ పూత పీచులా లేస్తుంది. అది క్యాపుల దగ్గర పోగై దారి మూసేస్తుంటే పీచు తీసేయండి. పూత లేని నునుపైన స్టెయిన్‌లెస్ స్టీల్ వైరు చాలా సైకిళ్ళకు నిక్షేపంగా సరిపోతుందని నా నమ్మకం.

మళ్ళీ బిగించేటప్పుడు

1. లీవర్‌ను చిన్న గేరులో పెట్టండి. బ్యారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటి రెండు చుట్లు వెనక్కి తేండి.

2. క్యాపులన్నీ స్టాపుల్లో కూర్చున్నాయో లేదో చేత్తో ఒత్తి చూడండి. వైరును చేత్తో బిగువుగా లాగి పట్టుకుని బోల్టు బిగించండి.

3. ఫ్రేము మీద బయటికి కనిపించే వైరు ఉంటే దాన్ని రెండు మూడు సార్లు గట్టిగా పక్కకు లాగండి. కొత్త కేబుల్ సాగుతుందని అంటుంటారు గానీ, నిజంగా జరిగేది ఔటర్ కొసలు, క్యాపులు తమ చోట్లలో సర్దుకోవడం. ఈ లాగుడుతో ఆ సర్దుబాటు ఇప్పుడే అయిపోతుంది. వదులైతే బోల్టు విప్పి మళ్ళీ బిగించండి.

4. ఇప్పుడు బ్యారెల్ పట్టుకోవచ్చు. మొదటి క్లిక్కుకు చైను రెండో స్ప్రాకెట్ ఎక్కకపోతే అపసవ్య దిశలో పావు చుట్టు, ఎక్కి మూడోదానికి రాసుకుంటే సవ్య దిశలో పావు చుట్టు. ఒక్కసారికి పావు చుట్టు మించవద్దు.

5. పెద్ద స్ప్రాకెట్ నుంచి ఒక్కో క్లిక్కు దింపుతూ రండి, హ్యాండిల్ తిన్నగా ఉంచి ఒకసారి, పూర్తిగా అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి. మూడుసార్లూ క్లిక్కుతో పాటే చైను దిగాలి.

ఇదంతా కుదిరాకే మిగిలిన వైరు కోయండి. బోల్టు దాటి మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి, ఒక్క వేటుకు కోసి, వెంటనే కొసకు టోపీ తొడిగి నొక్కండి. టోపీ లేని కొస కొన్నాళ్ళకు పోగులు పోగులుగా విచ్చుకుంటుంది. విచ్చుకున్న వైరును పరీక్ష కోసం ఒకసారి బయటికి తీశామంటే మళ్ళీ ఔటర్‌లో దూరదు, ఇంకా కొత్తగా ఉన్న వైరునే పారేయాల్సి వస్తుంది.